పుర్రచేతి రెక్క

2022 ఎండాకాలం. ఆత్మకూరులో సోమశిల రోడ్డు మీద, టైర్ల కొట్టుకీ వెల్డింగ్ షాపుకీ నడుమ ఉన్న రేకుల షెడ్డు నాది. మధ్యాహ్నం దాటితే లోపల మనిషి ఉడికిపోతాడు. నేను ఇంజన్ పని చెయ్యను. బండి స్టార్ట్ కావడం లేదని ఎవరైనా తోసుకుంటూ వస్తే ఎదురుగా ఉన్న మెకానిక్ దగ్గరికి పంపిస్తాను. పాత మోటారు సైకిళ్ల ఒంటి మీది నగలు బాగుచెయ్యడం నా వృత్తి.

నగలంటే ట్యాంకుకి రెండు పక్కలా ఉండే బ్యాడ్జీలు, మోకాళ్లు ఆనే చోట రబ్బరు ప్యాడ్లు, మడ్‌గార్డు అంచున మెరిసే పట్టీ, టూల్‌బాక్సు మీది అక్షరాలు, ట్యాంకు చుట్టూ సన్నగా సాగే బంగారు గీత. వీటన్నిటినీ కలిపి మా పనిలో ట్రిమ్ అంటారు. ఆ బంగారు గీతని లైనింగ్ అంటారు. పొడుగు వెంట్రుకల బ్రష్షుతో ఊపిరి బిగబట్టి ఒకే ఊపులో లాగాలి. ఇంజన్ బండికి ప్రాణమే కావచ్చు గానీ, రోడ్డు మీద పోయేవాడు తల తిప్పి చూసేది ట్రిమ్‌నే. ఈ మాటంటే మెకానిక్‌లు కొట్లాటకి వస్తారు. అయినా అంటూనే ఉంటాను.

ఇంకో సంగతి. నాది పుర్రచెయ్యి. బళ్లో అయ్యవారు మెటికల మీద స్కేలుతో కొట్టి కొట్టి నా రాతని కుడిచేతికి మార్పించారు. బ్రష్షు పట్టుకునే వయసుకి ఆయన పక్కన లేరు కాబట్టి బ్రష్షు ఎడమచేతిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ బ్యాంకులో సంతకం కుడిచేత్తో, షెడ్డులో గీత ఎడమచేత్తో.

ఆ ఎండల్లో ఒక పొద్దున ట్రాలీ ఆటోలో పాత బుల్లెట్ ఒకటి ఎక్కించుకుని కృపానందం సారు వచ్చారు. సొంత ఊరు వరికుంటపాడు పక్క పల్లె, కాపురం ఉదయగిరిలో. ఆ చుట్టుపక్కల బళ్లలోనే చదువు చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చర్చిలో మైకు లేకుండా ప్రార్థన చేయించగల గొంతు. బండి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొన్నది. ఇంజన్ ఉదయగిరిలోనే చేయించుకుని, ఒంటి పనికి నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"శీనయ్యంటే నువ్వేనా?"

"నేనే సార్."

"పాత బండిని చూస్తానే ఏది కంపెనీదో ఏది డూప్లికేటో చెప్పేస్తావంట గదా. ఊరంతా అదే మాట."

ఊరు అలా అనుకుంటోందని విన్నాక ఎవడికైనా ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. నాకు రెండు అంగుళాలు పెరిగింది.

"అయితే ఇది చెప్పు," అన్నారు సారు, బండిని దించగానే. "ఈ ట్యాంకు మీద బ్యాడ్జీలు రెండు ఉండాయి. ఒకటి కంపెనీది, ఒకటి కాదు. ఏది కాదో చెప్తే పనంతా నీకు. చెప్పలేకపోతే బండి ఇట్టే ఎనక్కి పోతాది."

వంగి చూశాను. రెక్క ఆకారపు బ్యాడ్జీలు అవి. మధ్యలో ఎర్రటి గుండ్రం, దాని నుంచి వెనక్కి సాగిన ఈకలు. ఎడమవైపు బ్యాడ్జి మీద పొక్కులు లేచి, ఈకలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పిండి ముద్దలా ఉంది. కుడివైపుది వెండి రంగు వెలిసిపోయినా, ఏ ఈకకా ఈక విడిగా, అంచులు పదునుగా ఉంది. దీనికి ఆలోచన కూడానా అనుకున్నాను.

"ఎడమవైపుది డూప్లికేటు సార్. మన బజార్లో పోత పోసింది. కుడిపక్కది చూడండి, ఆ ఈక వంపు చూడండి. అట్టాంటి అచ్చు కంపెనీ తప్ప ఇంకొకడు తియ్యలేడు."

సారు ముఖంలో కండరం కదల్లేదు. "సరే. ఆ కుడిపక్కది స్క్రూ ఇప్పు."

పాత బ్యాడ్జీలు మజాక్ అనే పోత లోహంతో చేసేవారు. జింకు కలిసిన లోహం, పైన క్రోమ్ పూత. కొన్నాళ్లకి పూత కింద లోహం కుళ్లుతుంది. పైన పటారం లోన లొటారం అనే మాట ఈ మజాక్‌ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. కింద పడితే బిస్కట్టులా విరుగుతుంది కాబట్టి విప్పేటప్పుడు ఒక అరచెయ్యి కింద పట్టుకుంటాం. నేనూ పట్టుకున్నాను. కానీ చెమట చేతిలోంచి జారి అది సిమెంటు నేల మీద పడింది. నా గుండె కూడా పడింది.

టక్ మంది. పడి, ఎగిరి, రెండు దొర్లు దొర్లి ఆగింది. ఆ చప్పుడు ఇనుముది కాదు, మజాక్‌దీ కాదు. వంటింట్లో కర్ర గరిటె జారి పడితే వచ్చే చప్పుడు. తీసి చూస్తే ఈక ఒక్కటి విరగలేదు. చేతిలో బరువే లేదు. వెనక పక్క తిప్పితే రంగు తగలని చోట కర్ర పోగు కనపడింది.

నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. సారు మాత్రం వెల్డింగ్ షాపులో వాళ్లు తొంగి చూసేంత గట్టిగా నవ్వారు.

"నర్ది కర్ర నాయనా అది! మన ఉదయగిరి కొండ కర్ర. ఇంతవరకూ ఒక్కడు కనిపెట్టలా. నెల్లూరు నుంచి వచ్చిన బుల్లెట్ల పిచ్చోళ్లు కూడా కనిపెట్టలా!"

నవ్వు తగ్గాక కూర్చుని చెప్పారు. బండి కొత్తల్లో వరికుంటపాడు దారిలో ఎదురొచ్చిన ఎద్దులబండి నొగ తగిలి కుడివైపు బ్యాడ్జి ఊడి ఎక్కడో కంపల్లో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. కొత్తది కావాలంటే మద్రాసుకి రాయాలి, అది ఎప్పటికి వస్తుందో తెలియదు. అప్పుడు ఆయన స్నేహితుడు ఖాదర్ బాషా, ఉదయగిరిలో కర్ర చెంచాలు, గరిటెలు చెక్కే మనిషి, 'ఎడమవైపుది చూసి నేను చేసి ఇస్తా ఉండు' అన్నాడట. చేసి ఇచ్చాడు. ఆనాటి నుంచి బండిని చూసిన ప్రతివాడికీ సారు ఈ కథ చెబుతూనే ఉన్నారు.

"పోయినేడు కరోనాలో పోయినాడు ఖాదరు," అన్నారు. "ఈ మధ్య చూస్తే దానికి పగులు బట్టింది. వాడి చేతి గుర్తు నాకాడ ఇదొక్కటే ఉండాది శీనయ్యా. బండి ఎట్ట పోయినా పర్లేదు. ఇది మాత్రం నేను పోయేదాకా ఉండాల. పందెం ఓడిపోయినావు గానీ, దీన్ని నీ చేతిలోనే పెడతా ఉండా."

ఓడిపోయి కూడా పని తెచ్చుకున్నది నా అనుభవంలో అదొక్కటే.

ఆ సాయంత్రం ఎడమవైపు బ్యాడ్జి, అంటే అసలైన కంపెనీ సరుకు, విప్పడానికి కూర్చున్నాను. స్క్రూకి తుప్పు పట్టింది. నూనె వేసి నానబెట్టి, వెచ్చబెట్టి, బతిమాలి తిప్పాను. స్క్రూ వచ్చింది, దానితో పాటు బ్యాడ్జి మూడు ముక్కలై వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. లోపలంతా బూడిద. దాని ఆయుష్షు ఎప్పుడో అయిపోయిందని సారుకి ఫోన్ చేసి చెప్పాను. "ఖాదరు ఉండుంటే దాన్నీ చేసి పెట్టేవాడు," అని మాత్రం అన్నారు.

మర్నాడు కర్ర బ్యాడ్జి మీది పాత రంగు తియ్యడం మొదలుపెట్టాను. ఇనుముకైతే పెయింట్ రిమూవర్ పూసి వదిలేస్తే తోలు ఊడినట్టు ఊడుతుంది. కర్రకి అది పనికిరాదు, పోగుల్లోకి దిగి కాల్చేస్తుంది. గుడ్డని థిన్నర్‌లో తడిపి, వెదురు పుల్ల మొనకి చుట్టి, ఈక ఈకకీ మధ్య తుడవాలి. ఒక పొర వెండి రంగు, దాని కింద ఇంకో పొర, దాని కింద లక్క. ఆ లక్క కూడా పోయాక తేనె రంగు కర్ర బయటపడింది. అన్నం తినడం కూడా మర్చిపోయి చూస్తూ కూర్చున్నానంటే నమ్మండి. ఈకలు మొదట్లో మందంగా మొదలై చివరికొచ్చేసరికి గోరంత పల్చన. ట్యాంకు వంపుకి సరిగ్గా ఆనేట్టు వెనక పక్క గుల్ల తీసి ఉంది. అచ్చు పోసిన కంపెనీ దానికంటే చెక్కిన ఇదే బాగుంది. నేను దీన్ని చూసి ఇది అసలుదని పొరపడ్డానంటే అది నా తప్పు కాదనిపించింది.

అలా చూస్తుంటే ఈకల మొదళ్ల దగ్గర ఉలి గాట్లు కనపడ్డాయి. అన్నీ ఒకే వాలులో పడ్డాయి. చేతిలో కత్తి పట్టుకుని ఆ గాట్ల మీదుగా ఊరికే ఆడించి చూశాను. ఎక్కడా అడ్డం లేకుండా, నేనే చెక్కినట్టు పోయింది. అప్పుడు కత్తి కుడిచేతిలోకి మార్చుకుని చూశాను. మణికట్టు వంకర తిరిగింది. రెండు మూడుసార్లు మార్చి మార్చి చూసి, ఆగలేక ఫోన్ చేశాను.

"సార్, మీ ఖాదర్ బాషాది పుర్రచెయ్యా?"

"కాదే! కుడిచెయ్యే. ఏంది అట్ట అడుగుతా ఉండావు?"

"దీన్ని చెక్కింది పుర్రచేతి మనిషి సార్."

ఈసారి వచ్చింది బళ్లో బెత్తం పట్టుకున్న గొంతు. "పందెం ఓడిపోయినోడివి, ఇంకా నీకు పరీక్షలెందుకురా? వాడు నా చేతిలో పెట్టినాడు దాన్ని. నా చేతిలో!"

నాకూ ముక్కు మీదే కోపం. "అయితే ఆదివారం చర్చి అయినాక నేను ఉదయగిరి వస్తా. ఆయన ఉలులు చూపించండి. అరిగిన తీరు చూస్తే తెలిసిపోతాది," అన్నాను. ఉలి పట్టే చేతిని బట్టి దాని మొన ఒక పక్కకి అరుగుతుంది. అది ఎవరూ దాచలేరు.

ఆదివారం బస్సు దిగేసరికి సారు స్టాండు దగ్గర ఉన్నారు. మాట్లాడలేదు గానీ గొడుగు నా మీదికి కూడా పట్టారు. కొండ కింద చెంచాలు చెక్కేవాళ్ల వీధిలో ఖాదర్ బాషా ఇల్లు. వాకిట్లో కర్ర ముక్కలు ఎండబోసి ఉన్నాయి. నడవ దాటి లోపలికి పోతే వెనక పెరటి గడప మీద ఆయన భార్య హుస్సేనమ్మ కూర్చుని గరిటె కాడ నునుపు చేస్తోంది. డెబ్బై దరిదాపుల మనిషి, చెవులకి పెద్ద దిద్దులు. అడుగుల చప్పుడుకి తలెత్తింది. తలెత్తుతూనే ఎడమచేతిలో ఉన్న ఉలిని కుడిచేతిలోకి మార్చుకుంది.

సారు అది చూడలేదు. నేను చూశాను. బ్యాంకులో ఎవరైనా పక్కకొస్తే పెన్ను నేను కూడా అలాగే మార్చుకుంటాను. మార్చుకున్నట్టు మనకే తెలియదు.

"రాండి సారూ. ఈ పిలగాడెవురు?" అంది. నలభై అయిదేళ్లవాణ్ని పిలగాడన్న మనిషి మీద నాకు అక్కడే ఇష్టం పుట్టింది.

"బండి పని చేసే శీనయ్యలే వదినా. ఖాదరు ఉలులు చూస్తాడంట," అన్నారు సారు.

నేను ఉలులు అడగలేదు. గుడ్డలో చుట్టి తెచ్చిన రెక్కని తీసి ఆమె ముందు పెట్టాను. "అమ్మా, దీన్ని ఎవురు చెక్కినారు?"

ఆమె రెక్కని చూసింది. రంగు లేకుండా దాన్ని చూసి ఎన్నేళ్లయిందో. తర్వాత సారుని చూసింది. తర్వాత నా చేతుల్ని.

"నీదీ పుర్రచెయ్యేనా?"

"అవునమ్మా."

"అదీ సంగతి," అని నవ్వింది. ఉలి తిరిగి ఎడమచేతిలోకి పోయింది. "నేనే చెక్కినా. ఆయన రెండు చెక్కినాడు, రెండూ పాడు చేసినాడు. ఎడంపక్క దాన్ని ఎదురుగా పెట్టుకోని చూసింది చూసినట్టే చెక్కినాడు. కుడిపక్క పెడితే ఏమైతాది? పక్షి ఎనక్కి ఎగిరినట్టు వచ్చింది. తిరగేసి చెక్కాల గదా. రెండోసారీ అట్టే వచ్చింది. ఉలి ఇసిరేసి పడుకున్నాడు."

"మీకెట్ట వచ్చింది?"

"నాకు మా నాయన నేర్పినాడు. ఆయనది కుడిచెయ్యి, నాది ఎడం. ఆయన ఎదురుగా కూర్చోని, ఆయన ఇటు తోస్తే నేను అటు తోసి నేర్చుకున్నా. నా పనంతా తిరగేసిందే. లోకానికి తిరగలబడింది నాకు సూటిగా వస్తాది."

సారు లేచి నిలబడ్డారు. నేను ఆయన్ని అంతవరకూ సరిగ్గా చూడలేదు. కర్ర ముక్కలా బిగుసుకుపోయి ఉన్నారు. "టీ పెడతా కూర్చోండి సారూ," అంటున్నా వినకుండా గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్లిపోయారు. ఆమె ఆ గొడుగు వంక చూసి, "ఇందుకే చెప్పబాక అన్నాడు ఆయన," అంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "శీనయ్యా, బజారు బ్యాడ్జీలు రెండు తెప్పించి తగిలించు. ఆ చెక్కది నాకొద్దు. పారేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనుషుల్ని చాలామందిని చూశాను, నేనూ ఆ కులమే. కానీ మొన్నటిదాకా 'నేను పోయేదాకా ఉండాల' అన్న వస్తువుని, చేసింది ఆడమనిషనీ, ఎడమచేత్తో అనీ తెలియగానే పారెయ్యమంటే నాకు ఒళ్లు మండింది.

"బజారుది నా షెడ్డులో తగిలించను సార్. బండి కావాలంటే వచ్చి తీసకపోండి. రెండో రెక్క హుస్సేనమ్మ చేత చెక్కిస్తా ఉండా. మీరొచ్చి చూస్తే చూడండి, లేదంటే మానండి," అని పెట్టేశాను. పెట్టేశాక భయం వేసింది. ఆమెని ఇంకా అడగనే లేదు.

అడిగితే ఆమె ఒప్పుకోలేదు. "ఎవురికి చెయ్యాల? వొద్దని ఎలబారిపోయిన మడిసికా?"

"నాకు చెయ్యమ్మా. నేను ఓడిపోయింది నీ చేతిలో. నువ్వు చెక్కేది నా కళ్లతో చూడాల."

ఆ మాటకి కరిగిందో, నా ముఖం చూసి జాలి పడిందో తెలియదు. ఎండిన నర్ది కర్ర దుంగ ఒకటి ఏరి, పోగు వాలు చూసి, బాడిసెతో ముక్క కొట్టింది. నేను ట్యాంకు వంపుకి అట్ట కోసి తెచ్చాను, వెనక గుల్లకి కొలత. తర్వాత నాలుగైదుసార్లు షెడ్డు మూసి బస్సెక్కాను. గిరాకీలు తిట్టుకుంటే తిట్టుకున్నారు.

ఆమె పని చేసే తీరు చూడాలి. పాత రెక్కని ఒడిలో కుడిపక్కన పెట్టుకుంటుంది. దాన్ని చూడదు. కుడిచేతి బొటనవేలితో దాని ఈక మీద మొదలు నుంచి చివరిదాకా మెల్లగా నిమురుతుంది. అదే సమయంలో ఎడమచేతిలో ఉలి కొత్త కర్ర మీద నడుస్తుంది. కుడిచెయ్యి బయటికి పోతే ఎడమచెయ్యీ బయటికే పోతుంది, అది లోపలికి వస్తే ఇదీ వస్తుంది. మనిషి రెండు చేతులూ చాపినప్పుడు అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలే కదా. అచ్చు లేదు, కొలత లేదు, గీత లేదు. కొత్త కర్రలోంచి ఎడమవైపు రెక్క తనంతట తనే లేస్తున్నట్టు ఉంటుంది. చూసి చెక్కడానికి కంపెనీ రెక్క ముక్కలైపోయిందే, ఎలాగా అని నేను బెంగపడ్డాను. దాని అవసరమే ఆమెకి లేదు. లైనింగ్ గీత లాగడంలో నా అంతవాడు లేడని అనుకునేవాణ్ని. ఆ పెరట్లో కూర్చున్నంతసేపూ ఆ మాట గుర్తుకు రాలేదు.

చివరి ఈక చెక్కుతున్న మధ్యాహ్నం సారు వచ్చారు. గొడుగు కోసం వచ్చినట్టు దాని వైపే చూస్తూ వచ్చి, గడప దగ్గర ఆగిపోయారు. హుస్సేనమ్మ ఆయన్ని చూసింది. ఈసారి ఉలి చెయ్యి మారలేదు.

సారు చాలాసేపు నిలబడి ఆ రెండు చేతుల్నీ చూశారు. ఈక పూర్తయ్యాక అడిగారు.

"ఖాదరు నాకెందుకు చెప్పలా వదినా? ఒకే కంచంలో తిన్నోళ్లం. అబద్ధం ఎందుకు చెప్పినాడు?"

"అబద్ధం చెప్పాలని గాదు సారూ. నేను చెక్కింది తీసకపోయి, నా పెండ్లాం చేసిందని చెప్పేదానికే మీకాడికి వచ్చినాడు. మీరు దాన్ని చూస్తానే వాటేసుకోని, నీ చెయ్యి బంగారం ఖాదరూ అన్నారంట. ఆయనకి నోరు పెగల్లా. ఆ పూట ఇంటికొచ్చి కూడు తినలా. పోయేముందు కూడా దాని మాటే ఎత్తినాడు."

"తర్వాతైనా చెప్పుండచ్చు గదా."

"గరిటెలు అమ్ముకోని బతికేటోళ్లం. పుర్రచేత్తో చెక్కిన గరిటె అంటే ఎవురన్నా అన్నంలో పెట్టుకుంటారా? నేను చేసిందల్లా ఆయన పేరుతోనే పోయింది. ఒక్క గరిటె గాదు."

"నాకు చెప్తే నేనేమన్నా గరిటెలు కొనేటోడినా?"

హుస్సేనమ్మ ఉలి కింద పెట్టింది. "మా పెద్దది మీ బళ్లోనే చదివింది సారూ. దానిదీ ఎడంచెయ్యే. పలక పట్టుకుంటే మెటికల మీద కొట్టి చెయ్యి మార్పించింది మీరే గదా. ఇంటికొచ్చి చేతులు చూపించి ఏడ్చింది. అట్టాంటి మీకు, ఆయన ఏ నోటితో చెప్తాడు?"

నా చేతులు నాకు తెలియకుండానే వెనక్కి పోయాయి. కృపానందం సారు గడప మీదే కూర్చుండిపోయారు. ఎంతోమంది పిల్లలకి చెయ్యి మార్పించి, అది మేలనుకుని నిద్రపోయిన మనిషి. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు ఆయన మీద ఉన్న కోపం పోయింది.

"తప్పే వదినా," అన్నారు. "మంచే చేస్తా ఉండాననుకున్నా. ఆ బిడ్డకి కూడా చెప్పుకోవాల నేను."

"చెప్పండి. కావలిలో ఉండాది, ఫోన్ చేసిస్తా," అంది ఆమె, అదేదో రేషన్ కార్డు సంగతైనట్టు. ఫోన్ కలిపి ఇచ్చింది కూడా. సారు ఫోన్ పట్టుకుని వీధిలోకి పోయారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చాక టీ తాగారు, రెండో గ్లాసు కూడా అడిగి తాగారు.

ఇక మిగిలింది నా పని. పాత రెక్క పగులులో అదే కర్ర పొడిని జిగురుతో కలిపి కూరాను. రెండిటికీ వెండి రంగు సిద్ధం చేశానని చెప్తే హుస్సేనమ్మ ఒప్పుకోలేదు.

"రంగు పూయబాక. ఇన్నాళ్లూ రంగు కిందే ఉండాది అది. కర్ర కర్ర లాగా కనపడనీ."

"అట్ట చేస్తే బండి విలువ పడిపోతాదమ్మా. కంపెనీవి వెండి రంగులో ఉంటాయి."

"నేను కంపెనీనా?"

సారు వైపు చూశాను. "వదిన చెప్పినట్టు చెయ్యి," అన్నారాయన. మధ్యలో గుండ్రానికి మాత్రం ఎర్ర రంగు వేసి, కర్ర పోగులు మూసుకునేట్టు సీలర్ పట్టించి, పైన పెట్రోలు చుక్క పడ్డా మరక పట్టని లాకర్ పూత వేశాను. నల్లటి ట్యాంకు మీద బంగారు గీత, ఆ గీత నడుమ తేనె రంగు రెక్కలు రెండు. ఏ కంపెనీ ఆ బండిని అలా తయారు చెయ్యలేదు. నేను చేసిన బండ్లలో ఇప్పటికీ నాకు అదే ఇష్టం.

ఈ పని నాకేం నేర్పిందని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్తాను. ఒరిజినలా డూప్లికేటా అన్నదొక్కటే నా ప్రశ్నగా ఉండేది. ఇప్పుడు ఏ పాత వస్తువు నా బల్ల మీదికొచ్చినా గాట్లు ఎటు వాలాయో చూస్తాను, ఎవరి చేతిదో కనుక్కుంటాను, తెలిస్తే ఆ పేరు బండి యజమానికి చెప్పి పంపిస్తాను. ఇంకొకటి, బ్యాంకులో సంతకం ఇప్పుడు ఎడమచేత్తోనే పెడుతున్నాను. మొదట్లో కలవలేదని మేనేజరు రెండుసార్లు వెనక్కి పంపాడు. నేర్చుకుంటున్నాను.

బండి అప్పగించిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. సారు ఇంటికి పోలేదు, బండిని నేరుగా చెంచాల వీధికి తోలారు. నేను వెనక కూర్చున్నాను. ఆ చప్పుడుకి ఇళ్లలోంచి అందరూ బయటికొచ్చారు. హుస్సేనమ్మ పెరట్లో కాదు, వీధి అరుగు మీదే కూర్చుని గరిటె చెక్కుతోంది.

ఎదురింటాయన ట్యాంకు మీద చెయ్యి వేసి అడిగాడు. "భలే ఉండాయే సారూ! ఖాదర్ భాయ్ చెక్కిందే గదా ఇది. రెండోది ఎవురు చెక్కినారు?"

"రెండూ ఖాదరు పెండ్లామే చెక్కింది," అన్నారు సారు.

"నాకు పేరు లేదా సారూ?" అంది అరుగు మీది నుంచి హుస్సేనమ్మ.

సారు ఇంజన్ ఆపారు. బండి దిగి, చొక్కా సర్దుకుని, బళ్లో హాజరు పిలిచే గొంతుతో వీధి ఆ చివరికి వినపడేట్టు పిలిచారు.

"షేక్ హుస్సేనమ్మా!"

ఆమె ఉలి ఉన్న ఎడమచేతిని పైకెత్తింది.

"ఉండా సారూ!"